కో బా పౌర్ణమి, అమ్మ పౌర్ణమి

మా వంటింట్లో పొయ్యి పక్కనున్న ప్రెస్ తెరిస్తే అన్నిటికన్నా ముందు అనాసపువ్వు వాసన వస్తుంది. అల్మరాను ప్రెస్ అంటారని విని ఐర్లండుకు వచ్చిన కొత్తలో నవ్వుకునేదాన్ని, ఇప్పుడు నా నోటికీ అదే మాట వస్తోంది. ఆ అనాసపువ్వు వెనకాల దాల్చినచెక్క, పసుపు, భీమవరం నుంచి ఎప్పుడో తెచ్చుకున్న ఇంగువ డబ్బా, అన్నీ కలిసి తలుపు తీసిన మనిషిని కాసేపు అక్కడే నిలబెట్టేస్తాయి. ఆ రోజు నేను అనాసపువ్వు సీసా మూత తీసి అమ్మ ముక్కు కింద పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చి, సీసా తిరిగి నా చేతికి ఇచ్చేసింది.

“ఏం రావట్లేదే. ఖాళీ సీసా పెట్టినట్టుంది,” అంది.

అమ్మ మూడు నెలలు ఉండి వెళ్దామని డబ్లిన్ శివారులోని మా బ్లాంచర్డ్స్‌టౌన్‌కు వచ్చింది. నాన్న పోయి అప్పటికి ఏడాది. ఆవిడ వచ్చాక విమానాలు ఆగిపోయాయి, మూడు నెలలు కాస్తా ఏడాది దాటాయి, రెండో చలికాలంలో మా ఇంటిల్లిపాదికీ కోవిడ్ వచ్చింది. మాకు దగ్గుతో, నీరసంతో సరిపోయింది గానీ, అమ్మకు మాత్రం జ్వరం పోతూ పోతూ వాసననీ, దాంతోపాటు రుచినీ పట్టుకుపోయింది. ఒకనాడు పోపు మాడి ఇల్లంతా మాడు వాసన కమ్మి, పైకప్పుకున్న అలారం కొంప మునిగినట్టు మోగుతుంటే, పొయ్యి ముందే నిలబడి ఉన్న అమ్మ నా వైపు తిరిగి ఏమైందే అని అడిగింది. ఆనాటి నుంచి పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. తినడం కూడా మానేసినట్టే. పెరుగన్నం రెండు ముద్దలు మింగి కంచం పక్కకు జరిపేసేది. గాజులు మోచేతి దాకా జారుతుంటే చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. ఫోన్లో మా జీపీ, అంటే మా పేట డాక్టరు, మాత్రం స్థిమితంగా మాట్లాడాడు. కొందరికి వాసన తొందరగా వస్తుందట, కొందరికి నెలలు పడుతుందట, ఈలోగా ఆవిడ తిండి మానకుండా చూసుకుంటే చాలట. వండి నలుగురికీ పెట్టడమే బతుకుగా బతికిన మనిషికి అన్నం మీద మళ్ళీ ఇష్టం పుట్టించడం ఎలాగో ఆయన చెప్పలేదు.

ఎలాగో నాకు తెలుసని నా ధీమా.

ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడని రోజులవి. దాటితే దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడిగేవారు. హోటళ్ళలో కుర్చీలు తిరగబడి బల్లలెక్కి కూర్చున్నాయి, బయట ఎక్కడ తింటే బాగుంటుందని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. నన్ను అడిగి ఉంటే తడుముకోకుండా చెప్పేదాన్ని. డబ్లిన్ సంగతి నాకు అంతంతమాత్రమే గానీ, వియత్నాంలో మెకాంగ్ ఏటి పాయల మధ్యనున్న కాన్ థో నగరంలో ఏ పూట ఎక్కడ ఏం తినాలో నాకు తెలిసినంతగా ఏ గైడు పుస్తకానికీ తెలియదు. రెండో తరగతి నుంచి ఆరో తరగతి దాకా నేను పెరిగింది అక్కడే. భీమవరం చెరువుల గట్ల మీద నేర్చుకున్న విద్యతో నాన్న అక్కడొక చేపల మేత కంపెనీలో ఉద్యోగానికి కుదిరి, మమ్మల్ని కూడా తీసుకెళ్ళాడు.

కాన్ థోలో పొద్దుటి తిండి ఏటి మీదే తినాలి. తెల్లవారేసరికి పడవలన్నీ ఒకచోట చేరి సంత అయిపోతాయి. ఏ పడవలో ఏం అమ్ముతారో ఎవరూ అరవరు, ఎత్తైన వెదురు గడ నాటి దానికి ఒక అనాసపండో గుమ్మడికాయో చిలగడదుంపో వేలాడదీస్తారు, అది చూసుకుని పడవ పోనివ్వడమే. ఆ సందుల్లోంచి ఒక చిన్న పడవలో ఒకావిడ కుంపటి మీద చారు మరగబెట్టుకుంటూ వచ్చి, మా పడవ అంచు పట్టుకుని ఆపి, బియ్యప్పిండితో చేసిన సన్నటి సేమ్యా మీద ఆ మరిగే చారు పోసి, ఉల్లికాడలు చల్లి గిన్నె అందించేది. పడవ ఊగుతుంటే ఒలక్కుండా తినడం నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. ఒడ్డుకొస్తే రొట్టెల బండి, కొరికితే ముక్కలు చొక్కా నిండా రాలే పొడుగాటి రొట్టెలు. మధ్యాహ్నం నూకలన్నం, అవును, మన నూకలే, అక్కడ వాటిని చిన్నచూపు చూడకుండా పైన కాల్చిన మాంసం పెట్టి దర్జాగా వడ్డిస్తారు. సాయంత్రం బడి వదలగానే పెసరపప్పు కలిపిన పిండిని చిన్న గరిటెలో పోసి, పైన ఒక రొయ్యను బోర్లించి, గరిటెతో సహా నూనెలో ముంచి తీసే గారెలు. ఆ తర్వాత చే అనే చల్లటి పాయసం, అందులో పెసలు, సగ్గుబియ్యం, కొబ్బరిపాలు, పైన దంచిన ఐసు. ఇవన్నీ తినేది రోడ్డు వారన పిల్లల ఆటవస్తువుల్లా ఉండే ఎర్ర ప్లాస్టిక్ పీటల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని.

ఇక హోటలంటే ఏటి ఒడ్డున తెల్లగుడ్డలు పరిచిన బల్లలున్న హోటలే. నాన్న కంపెనీ వాళ్ళు విందులు అక్కడే ఇచ్చేవారు. పెద్ద చేపను పొలుసుతో సహా కరకరలాడేలా వేయించి, పళ్ళెంలో నిలబెట్టి తెచ్చేవారు. బాతు మాంసాన్ని పులియబెట్టిన సోయా జున్నుతో వండి, బల్ల మధ్యలో కుంపటి పెట్టి, అది ఉడుకుతుండగానే తినమనేవారు. నాన్న ఏదీ వదిలేవాడు కాదు. ఒక్క తెలుగు ముక్క రాని ఆ పెద్దమనుషుల వైపు తిరిగి, “ఆయ్, చాలా బావుందండి,” అనేవాడు. వాళ్ళకు అంతా అర్థమైనట్టే తలలూపి ఇంకో ముక్క వడ్డించేవారు.

ఆ బల్ల చివర అమ్మ కొబ్బరిబొండం ముందు పెట్టుకుని కూర్చునేది. గుడ్డు తగిలిన గరిటె కూడా ముట్టని మనిషి, చేపల్ని ఉప్పులో పులియబెట్టి తీసిన నీళ్ళు పడకుండా పచ్చడి కూడా చేయని ఊళ్ళో వచ్చి పడింది. ఎక్కడికెళ్ళినా చేతిసంచిలో పెరుగన్నం డబ్బా ఉండాల్సిందే. ఒకసారి బజారులో ఎవరో ఆకులే కదా తినమ్మా అని ఒక రెమ్మ ఇస్తే, వాసన చూసి అమ్మ దాన్ని విసిరికొట్టింది. అది ఆకే, దానికి పుట్టుకతోనే చేప వాసన ఉంటుందని ఎంత చెప్పినా నమ్మలేదు. “ఊరు ఊరంతా నీచే. ఆకుల్ని కూడా వదల్లేదు,” అంది. అక్కడ మనుషులు ఎదురుపడితే పలకరింపే అన్నం తిన్నావా అని. అమ్మ రోజూ తిన్నానని చెప్పేది, వాళ్ళు అమ్మ సంచి వైపు జాలిగా చూసేవారు.

ఆ జాలి ఎక్కువగా ఉన్నది కో బాకు. కో అంటే మేనత్త, బా అంటే మూడు. అక్కడ పెద్దవాళ్ళను పేరు పెట్టి కాకుండా పుట్టిన వరసతో పిలుస్తారు. మా వీధి చివర, కాలవ వంతెన పక్కన, సాయంత్రం పూట బొగ్గుల పొయ్యి మీద బాన్ సెయో అనే అట్లు పోసి అమ్మేది ఆవిడ. బియ్యప్పిండిలో కొబ్బరిపాలు, పసుపు కలిపి, కాగిన మూకుడులో పోసి చుట్టూ తిప్పితే అది చుయ్‌మని పెద్దగా అరుస్తుంది. ఆ అరుపు మీదనే దానికి ఆ పేరు వచ్చిందట. లోపల రొయ్యలు, మాంసం, మొలకలు వేసి మడిచి, పళ్ళెం నిండా ఆకులతో ఇస్తుంది. ఆకులో అట్టుముక్క చుట్టుకుని తినాలి. కో బా ఎప్పుడూ పొయ్యికి వీపు పెట్టి జనంతో కబుర్లు చెబుతుండేది. మాట మధ్యలో ఆపి, చటుక్కున వెనక్కి తిరిగి, సరిగ్గా వేగిన అట్టును ఎత్తేది. ఎలా తెలుస్తుందని నేను అడిగితే చెవి చూపించింది. పిండిలో నీళ్ళున్నంత సేపూ అట్టు అరుస్తుంది, నీళ్ళయిపోయాక గొంతు సన్నబడుతుంది, ఊరుకోగానే తీసేయాలి. అమ్మకు ఈ మాట తర్జుమా చేసి చెప్పాను. మర్నాడు మా ఇంట్లో మినపట్టు పోస్తూ అమ్మ కూడా గోడవైపు తిరిగి నిలబడడం నేను చూశాను.

ఒకనాడు కో బా మా గుమ్మం ముందుకొచ్చి నన్ను పిలిచి, మీ అమ్మను ఇవాళ తీసుకురమ్మంది. నెల పుట్టిన రోజున, నిండు చంద్రుడి రోజున అక్కడ చాలామంది నీచు ముట్టరు, బండ్ల వాళ్ళు కూడా ఆ పూట శాకాహారమే వండుతారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరని నేను చెప్పేసరికి అమ్మ ముఖం విప్పారింది. మన వ్రతాల వంటే కదా అంది. కో బా ఆ రోజులకని వేరే మూకుడు, వేరే గరిటె ఎర్రగుడ్డలో మూటగట్టి అటక మీద దాచుకునేది. ఆ మూట విప్పి చూపించాకే అమ్మ పీట మీద కూర్చుంది. లోపల పుట్టగొడుగులు, మొలకలు, ఉడికిన పెసరపప్పు. ఏరు పొంగే కాలంలోనైతే పసుప్పచ్చటి పూలు గుప్పెళ్ళతో వేసేది. అవి మన చేలల్లో పచ్చిరొట్టకు వేసే జీలుగ జాతి పూలని గుర్తుపట్టి అమ్మ ముక్కున వేలేసుకుంది, తర్వాత ఆ వేలితోనే ఇంకో అట్టు చూపించింది. ఊరంతా తినే చోట అమ్మ కూడా కూర్చుని తినడం నేను చూసింది అదే మొదలు. నాకు ఆ సంతోషం ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

అప్పటి నుంచి నెలకు రెండు సాయంత్రాలు మాకు పండగే. కో బా కబురు చేసేది, అమ్మ జడ బిగించుకుని, మంచి చీర కట్టుకుని, సంచిలో పెరుగన్నం డబ్బా లేకుండా బయల్దేరేది. నేను తినేసి వంతెన కింద పిల్లలతో వామనగుంటల్లాంటి ఆట ఆడుకునేదాన్ని. వాళ్ళు గుంటలు తవ్వకుండా నేల మీద సుద్దతో గళ్ళు గీసి రాళ్ళు పంచేవారు, మిగతాదంతా మన ఆటే, దొంగలెక్కలతో సహా.

కొన్నాళ్ళకు అమ్మకు ధైర్యం వచ్చింది. భీమవరం నుంచి వచ్చిన పంచాంగం కేలండరు గోడకుండగా ఎవరో కబురు చేయడమేమిటి అనుకుంది. ఒక పౌర్ణమి సాయంత్రం కబురు కోసం చూడకుండా నన్ను వెంటేసుకుని వంతెన దగ్గరికి వెళ్ళి, మహారాణిలా పీట మీద కూర్చుంది. పొయ్యి మీద చూస్తే రొయ్యలు, మాంసం వేగుతున్నాయి. కో బా కంగారుపడి నాతో ఏదో చెప్పింది.

“నిన్ననే అయిపోయిందంటోందమ్మా,” అన్నాను.

“ఎలా అయిపోద్దే? ఇవాళే పౌర్ణమి. తిథి చూసే వచ్చాను, చెప్పు ఆవిడికి.”

చెప్పాను. కో బా చేతులు తుడుచుకుని, గోడకున్న రోజుకో కాగితం చింపే కేలండరు తీసుకొచ్చి, అందులో చిన్న అంకె మీద వేలు పెట్టింది. అమ్మ నన్ను ఇంటికి పరుగెత్తించి మా కేలండరు తెప్పించింది. ఇద్దరూ రెండు కేలండర్లూ బల్ల మీద పరిచి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఒకరినొకరు గట్టిగా తప్పు పట్టుకుంటుంటే, తినే వాళ్ళంతా లేచి చుట్టూ చేరారు. సైకిలు రిక్షా వాళ్ళు కో బా పక్షం. సోడా అమ్మే ముసలాయన ఎందుకో అమ్మ పక్షం చేరాడు. ఈలోగా కాలవ అవతలి కొబ్బరిచెట్ల మీదుగా చంద్రుడొచ్చాడు. అందరం తలలెత్తి చూశాం. గుండ్రంగానే ఉన్నాడు, నిన్న కూడా గుండ్రంగానే ఉన్నాడని ఎవరో అన్నారు. దాంతో వాదన ఎటూ తేలలేదు.

కో బా కాసేపు అమ్మ ముఖం చూసింది. కట్టుకున్న మంచి చీర చూసింది, సంచి లేని చేతులు చూసింది. తర్వాత పొయ్యి మీది మూకుడు దింపేసి, నిన్ననే కడిగి మూటగట్టిన ఎర్రగుడ్డ విప్పింది. కొనడానికొచ్చిన వాళ్ళను ఆగమని, అమ్మ ఒక్కదాని కోసం శాకాహారం అట్టు పోసింది. పళ్ళెం ముందు పెట్టి నాతో చెప్పమంది: “నిన్న నా పౌర్ణమి, ఇవాళ మీ అమ్మ పౌర్ణమి.” మేము ఆ ఊళ్ళో ఉన్నంత కాలం, రెండు కేలండర్లు కలవని నెలల్లో ఆ మూట రెండు సాయంత్రాలూ విప్పేది. రెండు సాయంత్రాలూ మేము వెళ్ళేవాళ్ళం.

ఇన్నేళ్ళ తర్వాత బ్లాంచర్డ్స్‌టౌన్‌లో నా ధీమా అంతా ఆ అట్టు మీదే. అయిదు కిలోమీటర్ల లోపలే ఉన్న ఆసియా సరుకుల కొట్లో బియ్యప్పిండి, కొబ్బరిపాలు, మొలకలు దొరికాయి. కొత్త ఏడాదికి వాళ్ళు ఊరికే ఇచ్చిన కేలండరులో అంకెల కింద చంద్రుడి తిథులు కూడా ఉన్నాయి. అందులో పదిహేనో రోజు చూసుకుని, ఆ సాయంత్రం పిండి కలిపాను. జీలుగ పూలు లేవు, చేప వాసనాకు అసలే లేదు, లెట్యూస్ ఆకులూ పుదీనా కడిగి పెట్టాను. ల్యాప్‌టాప్ బడి ముగించుకుని మా అమ్మాయి మీనూ బల్ల దగ్గర చేరింది. అమ్మ హాల్లో కిటికీ పక్క కుర్చీలో శాలువా కప్పుకుని, మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

మొదటి అట్టు పెనానికి అంటుకుంది. రెండోది చిరిగి మూడు ముక్కలైంది. మూడోది ఎర్రబడిందో లేదోనని అంచు ఎత్తి చూస్తున్నాను.

“తియ్యవే! అదెప్పుడో ఊరుకుంది,” హాల్లోంచి అమ్మ కేకేసింది.

నేను అట్లకాడ దూర్చాను. అట్టు చిరక్కుండా, బంగారు రంగులో లేచి వచ్చింది. మీనూ నోరు తెరిచి, “హౌ డిడ్ షీ నో దట్, మామ్?” అంది. నాలుగో అట్టుకు అమ్మ కుర్చీలోంచి లేచింది. అలారం మోగిన రోజు తర్వాత మొదటిసారి పొయ్యి ముందుకొచ్చి, నా చేతిలోంచి గరిటె లాక్కుంది.

“ముక్కు పోయింది గానీ నాకు చెవుడు రాలేదే,” అంది.

పిండి పోసి, పెనం చుట్టూ తిప్పి, మూత పెట్టి, పొయ్యికి వీపు పెట్టి మీనూ వైపు తిరిగి నిలబడింది. చుయ్‌మన్న అరుపు వంటింటి నిండా పరుచుకుంది. ముగ్గురం చెవులు రిక్కించి విన్నాం. అది సన్నబడింది. మీనూ చెయ్యెత్తి, “నౌ, అమ్మమ్మా!” అని అరిచింది. అమ్మ ఒక్క క్షణం ఆగమన్నట్టు వేలు చూపించి, అప్పుడు తీసింది. లెట్యూస్ ఆకులో ముక్క చుట్టుకుని నోట్లో పెట్టుకుంది.

“రుచేం తెలీట్లేదు,” అంది నములుతూ. “వేడిగా ఉంది. కరకరలాడుతోంది. ఇంకో ముక్క ఇయ్యి.”

రెండు అట్లు తింది. కంచం జరిపేస్తుందేమోనని నేను చూస్తుంటే, మీనూ ముక్క కూడా అందుకుంది. ఏడుపొచ్చి, ఉల్లి కూడా లేని వంటలో ఏం సాకు చెప్పాలో తెలియక, నేను పంపు విప్పి చేతులు కడుక్కున్నాను.

ఆ వంతెన ఇప్పుడు లేదు. ఫోన్లో పటం తెరిచి ఎన్నోసార్లు వెతికాను. కాలవ గట్టుకు సిమెంటు కట్టి, ఇనప రెయిలింగు పెట్టి, పూలకుండీలు వరసగా పేర్చారు. బొగ్గుల పొయ్యి ఉన్న చోట అద్దాల కాఫీ కొట్టు ఉంది. కో బా ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు, ఆ మూడో అత్త అసలు పేరు మేము ఎన్నడూ అడగలేదు కాబట్టి వెతకడానికి కూడా లేదు. “ఆయ్, బావుందండి” అనే నాన్న లేడు. అమ్మ ముక్కుకు ఆ రోజు కూడా ఏ వాసనా రాలేదు. ఇవన్నీ పోయిన సంగతి నాకు తెలుసు.

గిన్నెలు సింకులో వేస్తుంటే అమ్మ అడిగింది, “ఇవాళెందుకు పోశావే ఇవి?”

“పౌర్ణమి కదమ్మా.”

“ఎవరు చెప్పారు?”

కొట్టువాళ్ళ కేలండరు చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చిన్న అంకెను దగ్గరగా చూసి, నా అమాయకత్వానికి తల అడ్డంగా ఊపింది. “ఇవాళ చతుర్దశే. పౌర్ణమి రేపు,” అంది. ముగ్గురం కిటికీలోంచి పైకి చూశాం. మబ్బు తప్ప ఏమీ లేదు. అమ్మ తిరిగొచ్చి, నేను పారబోయబోతున్న పిండిగిన్నె నా చేతిలోంచి తీసుకుని, దాని మీద పళ్ళెం మూత పెట్టింది.

“ఇవాళ కో బా పౌర్ణమి. రేపు మనది,” అంది. “రేపు నేను పోస్తాను.”